హైదరాబాదులో 2011 కేమన్ ఎస్ చూశాను, విశాఖలో ఉంచుకోగలనా?

తీరం_దారి · ఆగస్టు 17

అందరికీ నమస్కారం. ఉండేది ఎంవీపీ కాలనీ. చాలా ఏళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాసింది తక్కువ. ఇప్పుడు మీ సలహా నిజంగా అవసరం పడింది.

హైదరాబాదులో ఒక పోర్షే కేమన్ ఎస్, అంటే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అమ్మకానికి వచ్చింది. 2011 నవంబరులో రిజిస్ట్రేషను అయింది, తెలుపు రంగు, 3.4 లీటర్ల ఇంజను, పీడీకే గేర్‌బాక్సు (రెండు క్లచ్చులుండే ఆటోమేటిక్). మీటరులో 34,200 కిలోమీటర్లు ఉన్నాయి. ఇప్పటి ఓనరు రెండో ఆయన. 38 లక్షలు అడుగుతున్నారు. సర్వీసు బిల్లులు 2019 వరకు వరసగా ఉన్నాయి, ఆ తర్వాతవి అక్కడొకటి ఇక్కడొకటి.

మా నాన్నగారు జగదాంబ సెంటర్లో అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఆ బండి పక్కన నిలబడి పెరిగాను కాబట్టి కార్లంటే ప్రాణం. ఇరవై ఏళ్లు వ్యాపారం చేసి ఇన్నాళ్లకు ఇంత డబ్బు ఒక కోరిక మీద పెట్టగలిగే స్థితికి వచ్చాను. ఒకసారే కొంటాను, పదేళ్లు ఉంచుకుంటాను. నా భయాలు రెండు. మా ఇంటి నుంచి సముద్రం కిలోమీటరు కూడా లేదు. పోర్షేకి మన ఊళ్లో సర్వీసు లేదు. ఇవి తెలిసి కూడా కొనొచ్చా?

కొండదారి · ఆగస్టు 17

కొనొద్దనే చెప్తాను గురూ. నొప్పిస్తే క్షమించండి. అదే డబ్బుకి ఇంకా వయసు తక్కువ ఉన్న బీఎండబ్ల్యూ జడ్4 గానీ ఆడి టీటీ గానీ వస్తుంది. వాటికైతే విశాఖలోనే వర్క్‌షాపు ఉంది. కేమన్‌లో ఇంజను మీ సీటు వెనకాల ఉంటుంది. బానెట్ ఎత్తితే కనపడదు, డిక్కీ తీసినా నూనె పోసే మూత, కూలెంటు మూత తప్ప ఇంకేమీ కనపడవు. చిన్న లీకేజీ చూడాలన్నా కారు లిఫ్టు మీదికి ఎక్కాలి. పద్నాలుగేళ్ల కారు అది. ఏ సెన్సారు పోయినా చెన్నైకో బెంగళూరుకో ట్రక్కు మీద పంపుతారా?

ఉప్పుగాలి · ఆగస్టు 18

లాసన్స్ బే కాలనీలో ఆరేళ్లుగా 2007 బాక్స్‌టర్ ఉంచుకుంటున్నాను. కేమన్‌కి తోబుట్టువే అది, పైకప్పు ఒక్కటే తేడా. కాబట్టి అనుభవం మీద కొంచెం పొడుగ్గా రాస్తాను.

ముందు ఇంజను సంగతి. ఈ తరం కార్లలో రెండు విడతలున్నాయి. 2008 దాకా వచ్చినవాటిలో ఎం97 ఇంజను. అందులో ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు అనే భాగం ఉంటుంది. అది విరిగితే ఇంజను మొత్తం పోతుంది. అరుదుగానే జరుగుతుంది, కానీ జరిగితే బాగుచేసుకునేది ఏమీ మిగలదు. 3.4 లీటర్లవాటిలో సిలిండరు గోడలు గీసుకుపోవడం ఇంకో సమస్య. 2009 నుంచి వచ్చిన 9ఏ1 ఇంజనులో ఆ షాఫ్టే లేదు, గోడల సమస్య కూడా బాగా తక్కువ. కేమన్ ఎస్‌లో 320 హెచ్‌పీ, పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. మీరు చూసింది 2011ది కాబట్టి ఆ దిగులు చాలావరకు తీరినట్టే. ఇదే ధరకు 2007ది వస్తుందని ఎవరైనా చెప్తే అటు చూడకండి.

ఇక ఉప్పుగాలి. పోర్షే బాడీ రేకు మొత్తానికి జింకు పూత ఉంటుంది, అందుకని తలుపులు, చక్రాల పైన ఉండే రేకులు తుప్పు పట్టడం నేను చూడలేదు. తుప్పు మొదలయ్యేది మీకు కనపడని చోట. సైలెన్సరు బిగించే బోల్టులు, సస్పెన్షన్ బోల్టులు, బ్రేకు డిస్కుల అంచులు. అన్నిటికన్నా ముందు పోయేది ఏసీ కండెన్సర్లు, అంటే ఏసీ గ్యాసుని చల్లబరిచే జాలీలు.

ఎందుకో చెప్తాను. ఈ కార్ల ముందు బంపరుకి రెండు పక్కలా పెద్ద నోళ్లుంటాయి. వాటి లోపల రేడియేటర్లు, రేడియేటర్ల ముందు కండెన్సర్లు. రోడ్డు మీద ఎండుటాకు, ప్లాస్టిక్ సంచి ముక్క, పురుగు, ఏదైనా ఆ నోట్లోకే పోతుంది. పోయింది బయటికి రాదు. ఆ ఆకుల చెత్త తేమ పీల్చి నానుతుంది. మన దగ్గర అది ఉప్పు తేమ. అల్యూమినియం రేకులు అలా మెల్లగా తినేస్తుంది. మొదటి రెండేళ్లు నేను దాన్ని పట్టించుకోలేదు, తప్పు నాదే. మూడో వేసవిలో ఏసీ గ్యాసు పోయింది. బంపరు విప్పి చూస్తే ఎడమ కండెన్సరు కింది అంచు వేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. అప్పటి నుంచి ఏటా వానాకాలం అవ్వగానే బంపరు తీసి శుభ్రం చేయిస్తున్నాను. మళ్లీ ఆ ఖర్చు రాలేదు.

కడగడం గురించి ఒక మాట. బీచ్ రోడ్డు మీద తిప్పినప్పుడల్లా ఆ రోజే అడుగుభాగం నీళ్లతో కడగాలి. బోరు నీళ్లతో మాత్రం వద్దు. సముద్రం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లే చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. నేను మున్సిపల్ కుళాయి నీళ్లు డ్రమ్ములో పట్టి పెట్టుకుంటాను. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కప్పకండి. కవరు కింద చెమ్మ చేరితే బయట వదిలేసిన కారు కన్నా తొందరగా పాడవుతుంది.

ఆటోనగర్_పానా · ఆగస్టు 18

బాబూ, నాను ఆటోనగర్‌లో ఇరవైరెండేళ్లుగా జర్మనీ బళ్ల పనే సేస్తన్నాను. కొండదారి గారు సెప్పినదాంట్లో తప్పు నేదు, గాని ఈ బండి మన ఊళ్లో అసలు అవదు అనడం కూడా నిజం కాదు. నూనెలు, బ్రేకులు, ప్లగ్గులు, కాయిళ్లు, నీళ్ల పంపు ఇవన్నీ ఇక్కడే అవుతాయి. కంపెనీ స్కానరు (బండి కంప్యూటరు సదివే మిషను) కావలసిన పని ఏడాదికోసారి ఉంటాదేమో.

కొనే ముందు ఏటి సూడాలో సెప్తాను. ఓనరు బండి ముందే వేడి సేసి పెడితే వెనక్కి వచ్చీయండి. రాత్రంతా ఆపిన బండిని మీ ముందు స్టార్ట్ సెయ్యాలి. మొదటి అర నిమిషం పొగ రంగు, ఇంజను చప్పుడు, ఆ రెండూ బండి సంగతి సెప్పీస్తాయి. నీలం పొగ మేఘంలాగ వస్తే నూనె ఆవిరి వేరు సేసే భాగం పోయిందన్నమాట. అది మార్చుకోవచ్చు, బేరానికి పనికొస్తాది.

తరవాత స్కానరు పెట్టించండి. ఇంజను కంప్యూటర్లో మొత్తం ఎన్ని గంటలు నడిచిందో రాసుంటాది. మీటరు తిప్పినోడు చాలాసార్లు ఈ లెక్క ముట్టుకోడు. కిలోమీటర్లని గంటలతో భాగించండి. మన సిటీల్లో నడిచిన బండికి గంటకి 18 నించి 30 దాకా రావాలి. 10 వస్తే మీటరు వెనక్కి తిప్పారని అనుమానపడండి.

ప్లగ్గులు విప్పి సన్న కెమెరా సిలిండర్లలోకి దింపి గోడలు సూడమనండి. 9ఏ1 ఇంజనైనా సరే. 38 లక్షల బండికి ఆ రెండు గంటల పని ఒగ్గీకండి.

తీరం_దారి · ఆగస్టు 18

పానా గారూ, చాలా థాంక్స్. ఆ కంప్యూటర్లోనే ‘ఓవర్‌రెవ్’ రిపోర్టు కూడా ఉంటుందట, అదేంటి?

ఆటోనగర్_పానా · ఆగస్టు 19

ఇంజను మీటరు మీది ఎర్రగీత దాటి ఎన్నిసార్లు తిరిగిందో ఆరు మెట్లుగా రాసుకుంటాది. చివరిసారి ఇంజను నడిచిన ఎన్నో గంటలో జరిగిందో కూడా ఉంటాది. మొదటి రెండు మెట్లలో అంకెలుంటే భయం నేదు, ఎవరో గట్టిగా తోలారంతే. నాలుగు, అయిదు, ఆరులో ఉంటే ఆలోచించాలి. చేత్తో గేరు వేసే బండిలో అయిదు నించి నాలుగుకి బదులు రెండులో పడేస్తే అలగ అవుతాది. మీది పీడీకే. తప్పు గేరుని అది ఒప్పుకోదు. అందుకే పీడీకేలో పై మెట్లు ఖాళీగా ఉండాలి.

ఫైలు_కట్ట · ఆగస్టు 19

కాయితాల గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెప్తాను. కారు నంబరు ఏపీ 09 అయి ఉంటుంది, 2011 కదా. ఏపీ అని ఉంది కాబట్టి మన రాష్ట్రమే అనుకోవద్దు. అది ఖైరతాబాద్ ఆఫీసు నంబరు. 2014 జూన్ 2 తర్వాత ఆ ఆఫీసు తెలంగాణది. అందుకని అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తప్పనిసరి. పేరు మార్పుకి 29, 30. పాత అప్పు ఏదైనా ఉంటే బ్యాంకు సంతకంతో 35. ఇక్కడికి వచ్చాక కొత్త నంబరుకి 27. వేరే రాష్ట్రం కారుని 12 నెలలు దాటి పాత నంబరుతో ఉంచుకోవడం చట్టం ఒప్పుకోదు. విభజనకు ముందు కట్టిన జీవిత పన్ను సంగతి మాత్రం ఎవరి నోటి మాటా నమ్మకుండా మన రవాణా ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

ఇంకా ముఖ్యమైనది ఒకటి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకే. ఈ కారుకి 2026 నవంబరుతో ఆ గడువు అయిపోతుంది. అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష, అయిదేళ్లకు రెన్యువల్, గ్రీన్ ట్యాక్సు. అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు. మీరే ఎత్తి ధర తగ్గించమనండి.

ఛాసిస్ నంబరు ఆర్సీ మీద, అద్దం కింద, తలుపు స్తంభం దగ్గర, మూడు చోట్లా సరిపోవాలి. కొత్త కారుగా డీలరు ద్వారా దిగుమతి అయిందో, ఎవరైనా విదేశం నుంచి సొంతంగా తెచ్చుకున్నారో మొదటి ఇన్‌వాయిసు చూసి తెలుసుకోండి. సొంతంగా తెచ్చినదైతే కస్టమ్స్ కాయితం అసలుది చేతికి రావాలి, జెరాక్సు చాలదు.

కాలవ_ఒడ్డు · ఆగస్టు 20

నాకు జరిగింది చెప్తాను. కిందటేడాది చివర్లో ఒక డీలరు దగ్గర జర్మన్ కూపే ఒకటి కొన్నాను. మార్కెట్టు కన్నా ఆరు లక్షలు తక్కువ. ఓనరు అమెరికా వెళ్లిపోతున్నాడన్నారు. రెండు నెలలకి డ్యాష్‌బోర్డు మీద లైట్లు ఒక్కొక్కటే వెలగడం మొదలైంది. తివాచీ కింద చెయ్యి పెడితే బంకమట్టి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి కదా, అక్కడ మునిగిన కారట అది. బీమా కంపెనీ పూర్తి నష్టం కింద తీసుకుని వేలం వేస్తే, ఎవరో కొని పైపైన కడిగి అమ్మారు. మా ఆవిడ పేరు మీద దాచుకున్న డబ్బు అందులో పోయింది. ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాను.

అన్నా, సీటు బెల్టు చివరి అంగుళం దాకా లాగి చూడు. పైన కనపడే భాగం కడుగుతారు, లోపల చుట్టుకున్న భాగానికి మట్టి గీత అలాగే ఉంటుంది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడు. కారులో సెంటు వాసన గుప్పుమంటే దిగిపో. పాత బీమా క్లెయిముల వివరం ఓనరు చేతే బీమా కంపెనీకి మెయిల్ పెట్టించి తెప్పించు.

సముద్రనీలం · ఆగస్టు 20

కాలవ ఒడ్డు గారూ, చదువుతుంటే బాధేసింది. మీకు న్యాయం జరగాలి.

నాది 2017 మస్టాంగ్. అయిదు లీటర్ల వీ8. భారతదేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించాక నా కారు ఏమవుతుందో అని చాలామంది అడిగారు. నూనె ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు, బెల్టు, ఒక సెట్టు ముందుగానే తెప్పించి ఇంట్లో పెట్టుకుంటున్నాను, బండి తిరుగుతూనే ఉంది. తీరం గారు కూడా అలాగే అలవాటు చేసుకోవాలి. పాడయ్యాక వెతకడం మొదలుపెడితే కారు నెలలు నిలబడుతుంది.

టైర్ల గురించి జాగ్రత్త. 2020 జూన్ నుంచి బయటి దేశాల టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి, లైసెన్సు కావాలి. కేమన్ ఎస్‌కి 19 అంగుళాల చక్రాలైతే ముందు 235/35, వెనక 265/35. పోర్షే ఒప్పుకున్న టైరు పక్కన ‘ఎన్’ అక్షరం, అంకె ఉంటాయి. నాలుగూ ఒకే రకం, ఒకేసారి దొరకడానికి వారాలు పట్టొచ్చు. గాడి ఎంత లోతుందో చూసి మురిసిపోకండి, తేదీ చూడండి. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి. 1816 అంటే 2016లో పద్దెనిమిదో వారం. తక్కువ తిరిగిన కార్లలో టైర్లు అరగవు, గట్టిపడతాయి. వానలో పట్టు ఉండదు.

బీమా విషయం: అయిదేళ్లు దాటిన కారుకి ఐడీవీ (బీమా కోసం కారుకి కట్టే విలువ) ఎంతన్నది మీరు, కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. ఫోన్లో మొదట వచ్చిన అంకెకి ఒప్పుకోకండి. ఒక కంపెనీ నా కారుకి చెప్పిన విలువకీ రెండో కంపెనీ చెప్పినదానికీ తొమ్మిది లక్షల తేడా. కొన్న 14 రోజుల్లో బీమా మీ పేరుకి మార్చమని అడగాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, కారుతో రాదు.

పెట్రోలు: ఇప్పుడు మామూలు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. 2011 కారు రబ్బరు గొట్టాలు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ తేమ లాక్కుంటుంది, మన ఊరి గాలిలో తేమకి కొదవ లేదు. ఇథనాల్ కలపని 100 ఆక్టేన్ పెట్రోలు దొరికిన చోట అదే పోయించండి. నెల రోజులు ఆపే పనైతే ట్యాంకు నింపి ఆపండి, ఖాళీగా వద్దు.

కొండదారి · ఆగస్టు 21

ఇవన్నీ చదివాక నా మాట ఇంకా గట్టిపడింది. కారు ధర 38 లక్షలు కాదు. టైర్లు, పన్ను, కండెన్సర్లు, ఏటా బంపరు విప్పడం, గేర్‌బాక్సు తేడా చేస్తే దానికి వేరే. పీడీకే లోపల సెన్సారు పోతే మొత్తం గేర్‌బాక్సే మార్చాలని కంపెనీ వర్క్‌షాపులు చెప్పిన సందర్భాలున్నాయి. ఇంట్లో పిల్లల చదువులున్న మనిషికి ఇది తగునా అని అడుగుతున్నాను, ఇంకేం లేదు.

ఉప్పుగాలి · ఆగస్టు 21

మీ భయం అర్థమైంది కొండదారి గారూ, న్యాయమైన ప్రశ్నే. నా పద్ధతి చెప్తాను. కారు ధరలో పదో వంతు ప్రతి ఏడాదీ వేరే ఖాతాలో వేస్తాను. ఆ డబ్బు కారుదే. మూడేళ్లు ఖర్చు రాకపోతే నాలుగో ఏడాది పెద్ద ఖర్చుకి అది సిద్ధంగా ఉంటుంది. కొన్న రోజునే ఆ మొదటి పదో వంతు చేతిలో లేకపోతే కొనకూడదు. పీడీకేలో క్లచ్చుల నూనె వేరు, గేర్ల నూనె వేరు. క్లచ్చు నూనె ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కపెట్టి, రాగానే మార్పించండి. నూనె మార్చుకుంటూ నడిపిన పీడీకే గట్టిదే.

పొద్దున్నే అయిదున్నరకి రుషికొండ దాటి తొట్లకొండ కింద మలుపు తిరిగేటప్పుడు, ఎడమ పక్క కొండ, కుడి పక్క సముద్రం, వీపు వెనకాల ఆ ఆరు సిలిండర్ల శబ్దం. వేగం కూడా అక్కర్లేదు, అరవైలో వెళ్లినా చాలు. నాకు ఆరేళ్లలో ఒక్క ఆదివారం కూడా విసుగు రాలేదు. అది కూడా లెక్కలో వేయాలండి.

తీరం_దారి · సెప్టెంబరు 2

హైదరాబాదు వెళ్లి వచ్చాను. పోర్షేలు బాగా తెలిసిన ఒక స్వతంత్ర మెకానిక్ చేత అయిదు గంటలు చూపించాను.

గంటలు 1,850. 34,200ని భాగిస్తే పద్దెనిమిదిన్నర. ఓవర్‌రెవ్‌లో మొదటి మెట్టులో కొన్ని వందలు, రెండులో ఇరవై చిల్లర, మూడు నుంచి ఆరు దాకా సున్నా. సిలిండరు గోడలు శుభ్రంగా ఉన్నాయి, కెమెరా బొమ్మలు ఆరింటివీ దాచుకున్నాను. సీటు బెల్టులు చివరి దాకా లాగాను, కాలవ ఒడ్డు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే. శుభ్రంగా ఉన్నాయి.

బాగా లేనివి: టైర్లు నాలుగూ 2016వి. ఇగ్నిషన్ కాయిళ్లు రెండు పగిలాయి. వెనక డిస్కుల అంచు తుప్పు. క్లచ్చు నూనె మార్చిన బిల్లు లేదు. కుడి పక్క కండెన్సరు మీద పచ్చటి మరక, గ్యాసు లీకవుతోందేమో అన్నారు. ఇవన్నీ కాయితం మీద రాసి, దాని పక్కన రెన్యువల్ ఖర్చు కూడా రాసి ఓనరు ముందు పెట్టాను. పెద్దాయన మంచివారు. చదివి, మధ్యాహ్నం భోజనం పెట్టించి, 33కి ఒప్పుకున్నారు. ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే చివరి అయిదు లక్షలు ఇచ్చేలా రాసుకున్నాం.

నడుపుకుంటూ తెచ్చుకోవాలని మనసు లాగుతోంది. విజయవాడ మీదుగా ఆరొందల కిలోమీటర్ల పైనే.

ఆటోనగర్_పానా · సెప్టెంబరు 2

వద్దు బాబూ. తొమ్మిదేళ్ల టైర్ల మీద హైవే ఎక్కద్దు, సెప్టెంబరు వానలు కూడాను. మూసిన ట్రక్కు మీద ఎక్కించండి. ఎక్కించేటప్పుడు పలకలు పొడవుగా ఉండాలని ముందే సెప్పండి, నేకపోతే ముందు బంపరు కింద పెదవి గీసుకుపోతాది. నేరుగా నా షెడ్డుకే దింపించండి, రోడ్డు మీదకి తరవాత.

సముద్రనీలం · సెప్టెంబరు 3

అభినందనలు తీరం గారూ! మీ సెల్లారు ర్యాంపు కొలుచుకున్నారా? నా కారు కన్నా మీది ఎత్తు తక్కువ. ర్యాంపు పై అంచు దగ్గర పొట్ట తగులుతుంది.

తీరం_దారి · సెప్టెంబరు 3

కొలిచాను మేడం, తగులుతుంది. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లతో మాట్లాడి, నా ఖర్చుతో ఆ అంచు మీద సిమెంటుతో వాలు కట్టిస్తున్నాను. పక్క ఫ్లాటు పెద్దావిడ స్కూటీకి కూడా సులువవుతుందని ఆవిడే అందరినీ ఒప్పించారు.

తీరం_దారి · అక్టోబరు 12

ఎన్‌ఓసీ రావడానికి నెల పట్టింది. బండి మొన్న గురువారం రాత్రి ట్రక్కు దిగింది. కొత్త టైర్లు బెంగళూరు నుంచి వచ్చాయి, నాలుగూ ఈ ఏడాదివే. ఈ రోజు పొద్దున్న పానా గారి షెడ్డులో బంపరు విప్పాం. ఉప్పుగాలి గారు లాసన్స్ బే నుంచి పనిగట్టుకుని వచ్చారు, కొండదారి గారు కూడా వచ్చారు.

కుడి పక్క నోట్లోంచి రెండు దోసిళ్ల చెత్త వచ్చింది. వేపాకులు, గుల్‌మొహర్ రేకులు, ఒక చాక్లెట్ కాయితం. అంతా నల్లగా ముద్దయి ఉంది. దాని వెనక కండెన్సరు కింది వరస పోయింది, మార్చాల్సిందే. ఎడమది మాత్రం బతికింది. రేడియేటర్లు రెండూ, మధ్యలో ఉన్న మూడోదీ బాగున్నాయి. కొండదారి గారు టార్చి పట్టుకుని అరగంట ఒంగునే ఉన్నారు. ఒక్కో రేకూ మెత్తటి బ్రష్షుతో దులిపింది ఆయనే.

నోళ్లకి సన్న జల్లెడ బిగించమని పానా గారిని అడిగాను. గాలికి అడ్డం రాని రకం చూసి బుధవారానికి తెప్పిస్తానన్నారు.

ఆటోనగర్_పానా · అక్టోబరు 12

బుధవారం పన్నెండు తరవాత రండి బాబూ. క్లచ్చు నూనె కూడా ఆ రోజే దింపుదాం. దింపిన నూనె ఒక సీసాలో పట్టి మీకు సూపిస్తాను.